పడవకు రేవు



హైదరాబాదు పాతనగరమున ఫలక్‌నుమా గుట్టకు దిగువనున్న యొక వీథిలో మా యిల్లు. ఫలక్‌నుమా యనగా ఆకాశదర్పణమని చెప్పుదురు. మా గుట్టనుండి చూచినచో ఆకాశము కావలసినంత కనబడును గాని సముద్రము కనబడదు. మాకు మిక్కిలి దగ్గరనున్న సముద్రతీరమైనను బాటవెంట మూడువందల కిలోమీటర్లకు పైమాటే. అట్టిచోట నివసించుచు నేనొక పడవకు యజమానిని. పదునారడుగుల కొయ్యపడవ, ఒక కొయ్యస్తంభము, ఒక పెద్ద తెరచాప, ఒక చిన్న చాప, అడుగున ఎత్తి దింపుటకు వీలైన యొక పలక. ఇరువదియేండ్లు దానిని హుస్సేనుసాగరముమీద ఆదివారములందు నడిపితిని.

నా యుద్యోగము ముగిసినది. మా పెద్దమ్మాయి కాకినాడలో కాపురమున్నది. శేషజీవితము ఆ సముద్రతీరముననే గడుపుదమని నా భార్యయు నేనును నిశ్చయించుకొంటిమి. మనుష్యులకు ఇల్లు వెదకుట యెట్లో అందరు నెరుగుదురు. పడవకు ఇల్లు వెదకుట యెట్లో నేనెరుగను. మొదట పొరపాటు చేసి, పిదప వెదకి, తుదకు కొంత తెలిసికొంటిని. ఆ తెలిసికొన్నదియే నేడు మీకు మనవి చేయదలచినది.

మొదట పొరపాటు సంగతి. గత సంవత్సరము నేను ఇల్లు కుదుర్చుకొనకముందే పడవను లారీమీద కాకినాడకు పంపితిని. అచ్చట ఒక ఉప్పుటేటి గట్టున రాతిగోడ కనబడినది. గోడకు ఇనుపకడియములు గలవు, నీరు నిండుగా నున్నది, గాలి లేదు. ఇంతకంటె మంచిచోటు దొరకునా యని పడవను ముందువెనుకల రెండు మోకులతో గోడకు దగ్గరగా బిగించి కట్టి, భోజనమునకు పోయితిని. నాడు పున్నమి. సాయంకాలమునకు తిరిగివచ్చి చూతునుగదా, ఏటిలో నీరు అయిదడుగులు దిగిపోయినది. పొట్టి మోకులు పడవను దిగనీయలేదు. అది గోడను పట్టుకొని వ్రేలాడుచు ఒక ప్రక్కకు ఒరిగి, రాతిమొనకు తగిలి, ఒక పలక పగులగొట్టుకొనియున్నది. మరల పోటు వచ్చినప్పుడు ఆ పగులుగుండ నీరు జొరబడి, పడవ నా కన్నులయెదుటనే మునిగినది. నలుగురు సాయముపట్టి దానిని పైకి లాగిరి. ఎనిమిదవ దినమున అది మరల లారీ యెక్కి ఫలక్‌నుమా చేరి, మా పెరటిలోని వేపచెట్టు క్రింద బోర్లపడుకొన్నది. మా వీథివారు నవ్విరి. నవ్వదగినదే.

ఆ దినమున పడవను లాగినవారిలో ఒక ముసలి సరంగు ఉండెను. నేను, "తాతా, ఇంత నీరున్నదిగదా యని కట్టితిని" అని చెప్పుకొనగా అతడిట్లనెను: "బాబుగారండీ, నీళ్లున్నప్పుడు ఏ రేవైనా రేవేనండి. నీళ్లు పోయాక ఏముంటాదో చూసుకుని కట్టాలండి." ఈ విషయమున నేను వినిన మొదటి పాఠమిది. చెరువు నీరు ఎండకాలమున తగ్గును, వానకాలమున పెరుగును. ఉదయమునకు సాయంకాలమునకు భేదముండదు. సముద్రపు నీరు అట్లు కాదు. చంద్రుని యాకర్షణమువలన సుమారు ఇరువదినాలుగు గంటల ఏబది నిమిషములలో రెండుసార్లు పోటువచ్చును, రెండుసార్లు ఆటువచ్చును. అందుచేత ఈ దినము పోటువచ్చిన వేళకంటె రేపటి పోటు సుమారు ఏబది నిమిషములు ఆలస్యమగును. అమావాస్యకు పున్నమికి చేరువ దినములలో పోటు మిక్కిలి ఎత్తుగను, ఆటు మిక్కిలి లోతుగను ఉండును. కాకినాడ, విశాఖపట్నముల వద్ద ఆ దినములలో భేదము సుమారు ఒకటిన్నర మీటరు. గుజరాతులోని భావనగరమువద్ద అది పదిమీటర్లవరకు పోవును. అచ్చట ఓడలను నీటిలో నిలుపుటకై రేవునకు తలుపులే కట్టిరి. కాబట్టి రేవు చూడబోవువారు పున్నమికో అమావాస్యకో పోయి, ఆటువేళ నిలువబడి చూడవలెను. పోటువేళ చూచివచ్చుట పెండ్లినగలతో పిల్లను చూచివచ్చుటవంటిది.

ధనవంతములైన దేశములలో ఈ చిక్కునకు మెరీనా యను నేర్పాటు కలదు. మదరాసులోని మెరీనా సముద్రపుటొడ్డున నున్న ఇసుకబయలు. నేను చెప్పునది అది కాదు. ఇది విహారనౌకలను కట్టివేయుటకై నిర్మించిన రేవు. నీటిలో నిలువుకంబములు పాతి, వానిని పట్టుకొని పైకి క్రిందికి జారునట్లు తేలెడి బల్లలు అమర్చుదురు. పోటునకు బల్లయు పడవయు కలిసి లేచును. ఆటునకు కలిసి దిగును. ఇక మోకు తెగుట గాని పడవ వ్రేలాడుట గాని యుండదు. రెండు బల్లలనడుమ ఒక్కొక్క పడవకు ఒక్కొక్క గది వంటి చోటు. మంచినీరు, విద్యుచ్ఛక్తి అచ్చటికే వచ్చును. అద్దె సామాన్యముగ పడవ పొడవునుబట్టి నిర్ణయింతురు. మన దేశమున ఇట్టిది కొచ్చిలోని బోల్గాట్టి ద్వీపమున కలదు. మదరాసు ఓడరేవులోపల, 1911లో స్థాపితమైన రాయల్ మద్రాస్ యాట్ క్లబ్బువారి పడవలు నిలుచును. నేను మచిలీపట్నమునుండి భీమునిపట్నమువరకు తిరిగితిని. విహారపు పడవకొరకే కట్టిన అట్టి రేవు నాకొక్కటియు కనబడలేదు.

దీనికి కారణము మనవారి అశ్రద్ధ మాత్రమే కాదు; తీరపు స్వభావము కూడ. ఆంధ్రతీరము సుమారు వేయి కిలోమీటర్ల పొడవు గలది. కాని అందులో సహజమైన మరుగు చాల తక్కువ. నైరృతి ఋతుపవనకాలమున అలలు ఇసుకను ఒడ్డువెంట ఈశాన్యమునకు నెట్టుకొనిపోవుచుండును. ఏ యేటిమొగ తెరచియున్నను ఆ యిసుక దానికడ్డముగా మేట వేయును. మచిలీపట్నమునకు ఒకప్పుడు డచ్చివారు, ఆంగ్లేయులు ఓడలు పంపిరి. కాని సముద్రము లోతులేనిదగుటచేత పెద్ద ఓడలు దూరముననే లంగరు వేసికొని నిలువగా, చిన్న పడవలు సరకు మోసెడివి. భీమునిపట్నమున గోస్తనీనది సముద్రములో కలియుచోట చూచుటకు అందమైన నీటిమడుగు గలదు. దానిని చూచి నేను ఆశపడితిని. ఇసుకతిన్నె అడ్డముపడినప్పుడు లోపలి పడవ వెలికిరాదు, వెలుపలి పడవ లోనికిపోదు అని అచ్చటివారు చెప్పగా ఆశ విడిచితిని.

విశాఖపట్నము వేరు. అచ్చట డాల్ఫిన్సునోసు కొండ సముద్రములోనికి ముక్కు చాచి లోపలి రేవునకు అండగా నిలిచినది. 1933లో ఆ రేవు తెరచిరి. ఇసుకను, అలలను ఆపుటకై దాని ముఖద్వారమువద్ద రెండు పాత ఓడలనే ముంచి అడ్డుగోడగా చేసిరి. నేటికిని అచ్చట చేరిన ఇసుకను యంత్రములతో తోడి, ఉత్తరముననున్న బీచికి చేర్చుచుందురు. మరుగు చక్కనిది, కాని అది పెద్ద ఓడలకును, నౌకాసైన్యమునకును చెందిన నీరు. పెన్షను పుచ్చుకొన్న మనుష్యుడు పదునారడుగుల తెరచాపపడవతో అందు తిరుగుట సాధ్యము కాదు. ప్రక్కనే చేపలరేవు కలదు; దాని సంగతి ముందు చెప్పెదను.

కాకినాడకు గోదావరియే మరుగు కల్పించినది. ఆ నది తెచ్చిన ఒండ్రును ఇసుకను అలలు ఉత్తరముగా తోయగా, సుమారు రెండువందల సంవత్సరముల కాలములో పదునారు కిలోమీటర్ల పొడవుగల యొక ఇసుకదిబ్బ పెరిగినది. దానిని హోప్ ఐలండు అందురు. ఆ దిబ్బ వెలుపలి అలలను తానే భరించి, లోపలి నీటిని చెరువువలె నుంచును. హుస్సేనుసాగరమునకు అలవాటుపడిన నావంటివానికి ఇంతకంటె అనువైన నీరు లేదు. అయితే మరుగున్నచోటనే ఒండ్రును నిలుచును. అందుచేత ఆ నీరు లోతులేనిది. పెద్ద తెరచాపనౌకకు పనికిరాదు. నా పడవకు పలక ఎత్తినచో మోకాలిలోతు నీరు చాలును. ఇచ్చట నాకు రెండవ పాఠము దొరకినది: మంచిరేవు, చెడ్డరేవు అని విడిగా లేవు, ఈ పడవకు తగిన రేవు, తగని రేవు అని మాత్రమే కలవు. రేవు వెదకబోవువాడు తన పడవ పొడవు, వెడల్పు, నీటిలో మునుగు లోతు, కొయ్యస్తంభపు ఎత్తు అను నాలుగు కొలతలు కాగితముమీద వ్రాసికొని పోవలెను. స్తంభపు ఎత్తు ఎందుకందురా? ఏటిమీద వంతెన యున్నచో ఆ కొలతయే ముఖ్యము.

ఇక తుపాను సంగతి. మరుగున్నదని సంతోషించుటకు ముందు, ఆ మరుగు ఎంతవరకని అడుగవలెను. కాకినాడకు దక్షిణముననున్న కోరంగి ఒకప్పుడు ఓడలు కట్టిన గొప్ప రేవు. 1839 నవంబరులో వచ్చిన ఉప్పెన దానిని తుడిచివేసినది. 1864 నవంబరు 1న మచిలీపట్నమున సుమారు ముప్పదివేలమంది పోయిరి. 1977 నవంబరు 19న దివిసీమ మునిగినది. 1996 నవంబరు 6న కాకినాడకు దక్షిణముగా తీరము దాటిన తుపానులో వేయిమందికి పైగా మరణించిరి. సముద్రముమీదనుండి తిరిగిరాని చేపలవారు వారిలో ననేకులు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నమునే తాకినది. ఇవి చెప్పుట భయపెట్టుటకు కాదు. దిబ్బ అలను ఆపును గాని, సముద్రమే దిబ్బపైకి లేచినప్పుడు ఆపజాలదు. గట్టున కట్టిన పడవ ఆ నీటిలో గట్టుకంటె ఎత్తునకు లేచి, దిగునప్పుడు ఎవరి యింటిమీదనో పడవచ్చును. కనుక తుపానునాడు నా పడవ ఎక్కడికి పోవును, ఎవరు తీసికొనిపోవుదురు అను ప్రశ్నకు సమాధానము లేని రేవు రేవు కాదు. ఓడరేవులలో తుపానుసూచికలు ఒకటినుండి పదునొకండువరకు కలవు. ఒకటవ సూచిక ఎక్కడనో దూరమున వాయుగుండ మున్నదని తెలుపును. ఎనిమిది, తొమ్మిది, పది మహాపాయమును తెలుపును. పదునొకండవది వాతావరణకేంద్రముతో సంబంధమే తెగినదనుట. చిన్నపడవగలవాడు ఒకటవ సూచికనాడే కదలవలెను; మూడవదానికొరకు వేచియుండరాదు.

ఉప్పునీటికి కొయ్యను తినువారు కూడ కలరు. మన చెరువులలో పడవ ఏడాదిపొడుగున నీటిలో నున్నను నాచు పట్టును, అంతియే. సముద్రములో నిలిచిన కొయ్యకు కొలదివారములలోనే గుల్లలు పట్టి, పడవ నడక మందగించును. అంతకంటె చెడ్డది కొయ్యను తొలుచు పురుగు. పేరునకు పురుగే గాని నిజమునకు ఆలుచిప్పల జాతికి చెందినది. సూదిమొనవంటి రంధ్రముగుండ లోపల ప్రవేశించి, వెలుపలికి ఏమియు తెలియకుండ పలకను తేనెపట్టువలె చేయును. అందుచేత నీటిలో నుంచు కొయ్యపడవకు అడుగున రాగికలిసిన రంగు వేయుచుండవలెను. ఏటేట పైకి లాగి ఆరబెట్టవలెను. ఇనుపచీలలు, వేరువేరు లోహముల బిగింపులు ఉప్పునీటిలో ఒకదాని నొకటి తినును. వానిని కాపాడుటకై అడుగున జింకుముక్క బిగింతురు, అది ముందు కరిగి తక్కిన లోహమును నిలుపును. రేవు అద్దె లెక్కించుకొనువారు ఈ ఖర్చును కూడ లెక్కించుకొనవలెను.

ఇప్పుడు చేపలరేవుల సంగతి. చూచువారికి మన తీరమున పడవలు కట్టు చోట్లు ఇవియే. నేనును మొదట ఇందొక మూల దొరకకపోవునా యనుకొంటిని. ఒక వైశాఖమున పోయి చూచితిని. మన తూర్పుతీరమున ఏప్రిలు 15 మొదలు జూను 14 వరకు, అరువదియొక్క దినములు, చేపలు గ్రుడ్లుపెట్టు కాలమని యంత్రపుపడవల వేట నిషిద్ధము. అప్పుడు పడవలన్నియు ఇంటికి వచ్చియుండును. ఒకదానిప్రక్క నొకటి, దానిప్రక్క మరియొకటి, గట్టునుండి నీటినడుమకు పడవమీదుగా పడవ దాటి పోవచ్చును. విశాఖపట్నపు చేపలరేవులో 2023 నవంబరు 19వ తేది రాత్రి నిప్పంటుకొన్నప్పుడు పదులకొలది పడవలు కాలుటకు ఈ యిరుకే ఒక కారణము. ఆ దినమున నేను గట్టున నిలిచి లెక్కపెట్టుటకు ప్రయత్నించి మానుకొంటిని. ఒక్కొక్క పడవమీద ఏడెనిమిది కుటుంబముల అన్నము ఆధారపడియున్నది. నా పడవ ఆదివారపు పడవ. అచ్చట నా పదునారడుగులు కట్టినచో, తుపానునాడు ఆ పదునారడుగులకొరకు వచ్చువానికి నేనేమి సమాధానము చెప్పగలను? కాగితముమీద అనుమతి దొరకినను ఈ ప్రశ్న మిగులును. ఖాళీగా కనబడు చోటు ఎవరిదో అడుగకుండ పడవ కట్టరాదు. నిషేధకాలమున చూడనిదే ఖాళీయని నమ్మరాదు. ఇది నా మూడవ పాఠము.

అనుమతి మాట వచ్చినది గనుక అదియు చెప్పెదను. విశాఖపట్నపు రేవు కేంద్రప్రభుత్వపుది. కాకినాడ, మచిలీపట్నము వంటివి రాష్ట్రపు మారిటైం బోర్డు క్రిందివి. చేపలరేవులయందు మత్స్యశాఖవారిని అడుగవలెను. 2008 నవంబరు 26న ముంబయిమీదికి దాడిచేయవచ్చినవారు సముద్రముమీదుగా వచ్చిరి. నాటినుండి తీరమున పోలీసుఠాణాలు పెరిగినవి. ఎవరిదో తెలియని పడవ కనబడినచో ప్రశ్నింతురు. పడవను తీరమునకు పంపుటకు ముందే దాని కాగితములు, గుర్తుసంఖ్య, కొన్న రసీదు సిద్ధపరచుకొని, తీరపు పోలీసులకు ముఖము చూపుట మేలు. వెలుపలి పడవవానిని ఊరివారు అనుమానింతురని నేను భయపడితిని. వారు అడిగినది ఒక్కటే: "తుపాను వస్తే మీ పడవ మా పడవల మీద పడకుండా చూస్తారా?" ఇంతకంటె న్యాయమైన ప్రశ్న ఏ కార్యాలయమునను నన్నడుగలేదు.

ఆ ప్రశ్నకు సమాధానము కూడ వారివద్దనే దొరకినది. విశాఖపట్నము పెదజాలరిపేటలో ఒక ఉదయమున ఇసుకమీద కూర్చుండి చూచితిని. జాలరులు వేటనుండి వచ్చి పడవలను నీటిలో కట్టి విడువరు. పదిమంది భుజముపట్టి ఇసుకపైకి, పోటు అందనంత ఎత్తునకు లాగుదురు. పూర్వము కొయ్యతెప్పలను అట్లే లాగి, మోకులు విప్పి దుంగలను ఆరబెట్టెడివారు. ఇప్పుడు తెప్పలస్థానమున ఫైబరుపడవలు చాల వచ్చినను లాగుట మానలేదు. అలలు నేరుగా తగులు తీరమున, ఏ మరుగు లేనిచోట, వారు తరతరములనుండి రేవు సమస్యను పరిష్కరించిన విధమిది: చిన్నపడవకు రేవు నీటిలో లేదు, నేలమీద ఉన్నది. నేలమీది పడవకు పురుగు పట్టదు, గుల్ల పట్టదు, ఆటుపోటుల బాధ లేదు, నీటిలో ఎవరి చోటును ఆక్రమింపదు. నేను మూడు ఊళ్లు తిరిగి, నాలుగు కార్యాలయముల మెట్లెక్కి వెదకినది నా కన్నులయెదుట ఆరుచుండెను.

తరువాతి పని సులభమైనది. పడవక్రిందికి రెండుచక్రముల బండి చేయించితిని. కాకినాడకు దగ్గర, ఉప్పుటేటి రేవునకు నడిచిపోదగు దూరమున ఇల్లు వెదకితిని. ఇంటి గదులు నా భార్య చూచినది. నేను గేటు వెడల్పు కొలిచితిని. మొదటి రెండిండ్లు గదులకు నెగ్గి గేటువద్ద ఓడినవి. మూడవయింట రెండును కుదిరినవి. పెరటిలో పడవ బోర్లించుటకు చోటున్నది; తుపానుసూచిక వచ్చినచో నేలలో పాతిన నాలుగు గుంజలకు కట్టివేయవచ్చును. రేవులో దింపుటకును ఎక్కించుటకును సాయముచేయు కుర్రవానికి ఎంత ఈయవలెనో ఆ ముసలి సరంగే తీర్మానించెను. పోటువేళ దిగి, మరల పోటు ఉన్నంతలో ఎక్కవలెనని గడియారమునకు బదులు పంచాంగము చూచుట అలవాటుచేసికొంటిని.

కాబట్టి సముద్రతీరమునకు మకాము మార్చదలచిన పడవగలవారికి నా మనవి ఇది. ముందు పడవకు చోటు, పిదప మీకు ఇల్లు, కడపట లారీ. నేను ఈ మూడింటిని తలక్రిందులుగా చేసి పలక పగులగొట్టుకొంటిని. పెద్దనౌక యైనచో కొచ్చివంటి రేవునకే పోవలెను. అచ్చట చోటు కుదిరినపిదపనే నౌకను కదల్పవలెను. చిన్నపడవ యైనచో చోటుకొరకు నీటివంక చూడక ఒడ్డువంక చూడుడు.

మా పేటపేరు పెట్టుకొన్న ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్సు సికిందరాబాదునుండి విజయవాడమీదుగా హౌరాకు పోవుచున్నది. దానిని చూచినప్పుడెల్ల సముద్రమువైపు పోవు బండికి మా గుట్టపేరేల యని నేను నవ్వుకొనెడివాడను. వచ్చేవారము నా పడవ రెండవసారి ఆ దిక్కునకే పోవుచున్నది. పగిలిన పలక మార్పించితిని. ఏడాదిపాటు అది వేపచెట్టు క్రింద పడియుండుట చూచి నవ్వినవారే లారీకి ఎత్తుటకు సాయము వచ్చెదమనిరి. చెట్టుక్రింద పడవ నుంచుట అవమానమని నేనప్పుడనుకొంటిని. కాకినాడలోని మా పెరటిలో కూడ ఒక వేపచెట్టు ఉన్నది. పడవ దానిక్రిందనే ఉండబోవుచున్నది.